పొయ్యి కనిపించని బాయిలర్: అణు విద్యుత్ కేంద్రంలో స్టీమ్ జనరేటర్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మిర్యాలగూడ బాయిలర్:

అందరికీ నమస్తే. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ అటెండెంట్‌ని, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఊకతో మంట, గంటకు నాలుగు టన్నుల ఆవిరి, పదిన్నర కేజీల ప్రెషర్‌కు పాసైన బాయిలర్, నడిపేది మాత్రం ఎనిమిది దాటనివ్వం. ఆ ఆవిరితోనే వడ్లు ఉడకబెట్టడం, డ్రయ్యర్ నడపడం.

విషయం ఏమిటంటే, మా అక్క కొడుకు డిప్లొమా చేశాడు, వాడికి కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో స్టైపెండరీ ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరికీ సంతోషమే కానీ అక్కకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. "నువ్వు బాయిలర్ మనిషివి కదరా, అక్కడి బాయిలర్ ఎట్లుంటదో నాకు చెప్పు" అని నన్ను పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, వాడు రోజూ దాని పక్కనే నిలబడాలి.

యూట్యూబ్‌లో చూశాను. స్టీమ్ జనరేటర్ అని ఒక పెద్ద నిలువు డ్రమ్ము చూపించారు, దానికి పొయ్యి లేదు, పొగ గొట్టం లేదు. వేడినీళ్లు ఒకవైపు నుంచి వస్తాయట, వేరే నీళ్లు ఆవిరి అవుతాయట. వేడినీళ్లతో నీళ్లు మరిగించడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అంత వేడిగా ఉన్నప్పుడు ఆ మొదటి నీళ్లనే ఆవిరి చేసి టర్బైన్‌కు పంపొచ్చు కదా, మధ్యలో ఇదెందుకు?

ఇంకో భయం కూడా ఉంది. నేను ఇంతకు ముందు పని చేసిన మిల్లులో సాఫ్ట్‌నర్‌లో (నీళ్లలో సున్నం తీసేసే యంత్రం) ఉప్పు వేయడం మానేశారు. నల్గొండ బోరు నీళ్లు ఎలాంటివో ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క సీజన్ తిరిగేసరికి గొట్టాల మీద సున్నం పొర గట్టిపడింది, ఒక రాత్రి ట్యూబ్ ప్లేట్ దగ్గర గొట్టం చిట్లి పొయ్యి వైపు నీళ్లు చిమ్మాయి. ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా దగ్గర కారింది ఉత్త నీళ్లు. అక్కడ గొట్టం చిట్లితే ఏం కారుతుంది?


నకిరేకల్ నుంచి కైగా:

తమ్ముడూ, మాది నకిరేకల్ దగ్గర పల్లె. నేను అణు విద్యుత్ కేంద్రాల్లోనే మెయింటెనెన్స్‌లో, తర్వాత తనిఖీ విభాగంలో పని చేసి రిటైర్ అయ్యాను. స్టీమ్ జనరేటర్ లోపల చేతులు పెట్టినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

నీ బాయిలర్ ఫైర్ ట్యూబ్ రకం కదా. గొట్టాల్లో నుంచి ఊక మంట పొగ పోతుంది, గొట్టాల బయట నీళ్లుంటాయి, మరుగుతాయి. స్టీమ్ జనరేటర్ కూడా అచ్చం అంతే అనుకో, గొట్టాల్లో పొగ బదులు వేడినీళ్లు పోతాయి. పొయ్యి వేరే చోట ఉంది, అదే రియాక్టర్. యురేనియం చీలి ఇంధనం వేడెక్కుతుంది, ఆ వేడిని పంపుల బలంతో తిరిగే భారజలం, అంటే బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీరు, మోసుకొస్తుంది. కైగా లాంటి 220 మెగావాట్ల యూనిట్‌లో ఆ భారజలం దాదాపు 293 డిగ్రీల దగ్గర రియాక్టర్ నుంచి బయటకొస్తుంది, ప్రెషర్ సుమారు 87 కేజీలు. అంత ప్రెషర్ మీద అది మరగదు, నీళ్లలాగే ఉండి స్టీమ్ జనరేటర్ కిందికి చేరుతుంది.

లోపల ఏముంటుందంటే, తలకిందులుగా పెట్టిన యూ అక్షరంలా వంచిన గొట్టాలు, వందలు కాదు, వేలు. ఒక్కోటి నీ చిటికెన వేలు కంటే కాస్త లావు, గోడ మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. భారజలం ఒక కాలు నుంచి పైకెక్కి, వంపు తిరిగి, రెండో కాలు నుంచి దిగుతుంది. దిగేసరికి వేడి వదిలేసి 250 దగ్గరికి వస్తుంది, పంపు మళ్లీ దాన్ని రియాక్టర్‌లోకి తోస్తుంది. ఇది మూసిన గొలుసు, ఎప్పుడూ అదే నీరు.

గొట్టాల బయట ఉన్నది మామూలు నీరే, కానీ ఉప్పు, సున్నం ఏదీ లేకుండా శుద్ధి చేసినది. అది 40 కేజీల ప్రెషర్ మీద 250 డిగ్రీలకు మరుగుతుంది. బుడగలు గొట్టాల సందుల్లో నుంచి పైకి లేస్తాయి, నీళ్లను కూడా లాక్కుని పోతాయి. పైభాగం వెడల్పుగా ఉంటుంది, పుట్టగొడుగులా. అక్కడ సైక్లోన్ సెపరేటర్లు ఉంటాయి, ఆవిరిని గిర్రున తిప్పి నీటి చుక్కలను గోడకు విసిరేస్తాయి. మజ్జిగ చిలికితే వెన్న విడిపోయినట్టు నీరు విడిపోయి, పక్కనున్న సందులో నుంచి కిందికి దిగి మళ్లీ గొట్టాల మధ్యకు వస్తుంది. ఆ పైన డ్రయ్యర్లు, వంకర టింకర రేకుల వరసలు. వాటిని దాటాక ఆవిరిలో తడి పావు శాతానికి మించకూడదు. మించితే టర్బైన్ రెక్కలు ఇసుక కొట్టినట్టు అరుగుతాయి.

ఇలాంటివి యూనిట్‌కు నాలుగు. నాలుగూ కలిపి గంటకు 1,300 టన్నులకు పైగా ఆవిరి, అంటే ఒక్కోటి 330 టన్నుల లెక్క. నీ నాలుగు టన్నుల బాయిలర్లు ఎనభై ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు.

ఇక మూడో నీరు కూడా ఉంది. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లబరిచేది కద్రా రిజర్వాయర్ నీరు. అది మళ్లీ వేరే గొట్టాల్లో పోతుంది. మూడు నీళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి కానీ కలవవు. మీ అక్కకు చెప్పాల్సింది ముందు ఇదే.


పాలమూరు ఫిజిక్స్:

పైన అన్న చాలా బాగా చెప్పారు. నేను మహబూబ్‌నగర్‌లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, "వేడినీళ్లతో నీళ్లు మరిగించడం ఏమిటి" అన్న మాట మీద ఒక చిన్న వివరణ ఇస్తాను, ఎందుకంటే మా పిల్లలు కూడా ఏటా ఇక్కడే ఆగిపోతారు.

నీరు వంద డిగ్రీలకు మరుగుతుందనేది బయటి గాలి ఒత్తిడి మీద మాత్రమే నిజం. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసే సమయానికి లోపల 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. 40 బార్ల మీద 250, 155 బార్ల మీద 345 (బార్ అంటే దాదాపు ఒక కేజీ ప్రెషరే). అంటే ఒకే 290 డిగ్రీల నీరు 87 కేజీల కింద బుద్ధిగా నీరులా ఉంటుంది, దాని వేడి తగిలిన పక్క నీరు 40 కేజీల కింద కుతకుతా మరుగుతుంది. ఒత్తిడి తేడాతో ఆడిస్తున్న ఆట ఇది.

కూడంకుళంలో రష్యా డిజైన్ కదా, అక్కడ మొదటి నీరు 157 బార్ల దగ్గర, 320 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి స్టీమ్ జనరేటర్లు నిలువుగా ఉండవు, పడుకోబెట్టిన పెద్ద ట్యాంకర్లలా అడ్డంగా ఉంటాయి, ఒక్కోదానిలో సుమారు 11 వేల గొట్టాలు.

ఇన్ని గొట్టాలు ఎందుకంటే, మిల్లు బాయిలర్‌లో మంట వైపు ఎన్నో వందల డిగ్రీలు, నీళ్ల వైపు నూట డెబ్బై, తేడా చాలా ఎక్కువ కాబట్టి కొన్ని గొట్టాలతో పని అయిపోతుంది. ఇక్కడ ఒకవైపు 293, ఇంకోవైపు 250. తేడా నలభై డిగ్రీలే. అంత తక్కువ తేడాతో అంత వేడి దాటాలంటే గోడ పలుచగా ఉండాలి, గోడ విస్తీర్ణం ఎకరాల లెక్కన ఉండాలి. కానీ అదే గోడ 87 కేజీల ఒత్తిడిని ఏళ్ల తరబడి ఆపాలి కూడా. వేడి కోసం పలుచన, బలం కోసం మందం, ఈ రెండింటి మధ్య ఒక్క మిల్లీమీటరు దగ్గర ఇంజనీర్లు ఆగారు. స్టీమ్ జనరేటర్ కష్టమంతా ఆ ఒక్క మిల్లీమీటరులోనే ఉందని నా అభిప్రాయం.


దామరచర్ల థర్మల్:

నేను యాదాద్రి ప్లాంట్‌లో పని చేస్తున్నాను, బాయిలర్ వైపు. అన్నా, మా దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు సూపర్ క్రిటికల్, డ్రమ్మే ఉండదు, ప్రెషర్ 221 బార్లు దాటితే నీళ్లకు ఆవిరికి తేడానే పోతుంది, సెపరేటర్‌తో పని పడేది స్టార్టప్‌లోనే. ఆవిరి 550 డిగ్రీలు దాటి టర్బైన్‌కు పోతుంది. మీరు 250 డిగ్రీల ఆవిరి అంటే ఆశ్చర్యమేసింది, అంత చల్లటి ఆవిరితో ఎంత కరెంటు వస్తుంది? ఇంకా, మిర్యాలగూడ అన్న అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు రాలేదు. నేరుగా ఎందుకు మరిగించరు?


నకిరేకల్ నుంచి కైగా:

దామరచర్ల తమ్ముడూ, నిజమే, ఆవిరి చల్లనిది కాబట్టి సామర్థ్యం తక్కువ. రియాక్టర్‌లో పుట్టే వేడి 750 మెగావాట్ల పైమాట, చేతికొచ్చే కరెంటు 220, అంటే 29 శాతం. మీ దగ్గర 40 దగ్గర ఉంటుంది. ఇంధనం గొట్టాలు, తొడుగులు తట్టుకునే వేడికి హద్దు ఉంది, అందుకని ఒప్పుకోవాల్సిందే.

నేరుగా మరిగించేవి ఉన్నాయి, మన దేశంలోనే ఉన్నాయి. తారాపూర్‌లో 1969లో మొదలైన మొదటి రెండు యూనిట్లు ఆ రకమే, రియాక్టర్‌లోనే నీళ్లు మరిగి ఆవిరి టర్బైన్‌కు పోతుంది. ఫుకుషిమావి కూడా ఆ రకమే. తప్పేమీ కాదు, కానీ ఇంధనాన్ని తాకిన నీటి ఆవిరే టర్బైన్ హాలు దాకా వస్తుంది. నీటిలో ఉన్న ఆక్సిజన్ న్యూట్రాన్ దెబ్బకు నైట్రోజన్ 16గా మారుతుంది, అది గట్టి గామా కిరణాలు వదులుతుంది, ఏడు సెకన్లకు సగం చొప్పున తగ్గిపోతుంది. యూనిట్ ఆపిన కొద్ది నిమిషాల్లో మాయం అవుతుంది కానీ నడుస్తున్నంత సేపూ టర్బైన్ దగ్గరికి మనిషి మామూలుగా పోలేడు. స్టీమ్ జనరేటర్ మధ్యలో పెడితే టర్బైన్ హాల్లో నీలాంటివాడు, నాలాంటివాడు నీ ప్లాంట్‌లో తిరిగినట్టే తిరగొచ్చు. మా దగ్గర ఇంకో కారణం, భారజలం చాలా ఖరీదైనది, దాన్ని టర్బైన్లు, కండెన్సర్ల చుట్టూ తిప్పి ప్రతి గ్లాండ్ దగ్గరా కార్చుకుంటామా.


పెద్దగట్టు దగ్గర:

నాది దేవరకొండ వైపు. మా లంబాపూర్, పెద్దగట్టు కింద యురేనియం ఉందని ఎన్నేళ్లుగా వింటున్నామో, నల్లమలలో తవ్వకాలు వద్దని 2019లో ఎంత గొడవ జరిగిందో, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం దాకా ఎలా వెళ్లిందో మీకు తెలుసు. అందుకే ఇలాంటి విషయాల్లో "ఏం కాదు" అనే మాట వింటే నాకు నమ్మకం కుదరదు. మిర్యాలగూడ అన్న అడిగింది సూటి ప్రశ్న. గొట్టం చిట్లితే ఏం కారుతుంది, ఎవరికి తెలుస్తుంది, ఎప్పుడైనా చిట్లిందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి సార్.


నకిరేకల్ నుంచి కైగా:

అమ్మా, ఉన్నది ఉన్నట్టే చెప్తాను. గొట్టాలు కారుతాయి. ప్రపంచంలో చాలా చోట్ల కారాయి, కారడం కొత్తేమీ కాదు.

లోపల 87 కేజీలు, బయట 40. కాబట్టి చిల్లు పడితే కారేది లోపలి నుంచి బయటికే, అంటే భారజలం ఆవిరి వైపు నీటిలోకి వస్తుంది. అందులో ట్రిటియం, అంటే రేడియేషన్ వదిలే రకం హైడ్రోజన్, ఉంటుంది. అందుకని ప్రతి స్టీమ్ జనరేటర్ బ్లోడౌన్ నీటిని (మలినాలు పోవడానికి అడుగు నుంచి తీసే నీరు) కెమిస్ట్రీ వాళ్లు క్రమం తప్పకుండా పరీక్షిస్తారు, ట్రిటియం కొంచెం పెరిగినా నాలుగింటిలో ఏది కారుతోందో తెలిసిపోతుంది. మామూలు నీటి రియాక్టర్లలో అయితే ఆవిరి గొట్టం పక్కనే నైట్రోజన్ 16 మీటర్ పెడతారు, ఏడు సెకన్ల ఆయుష్షు ఉన్నది అక్కడ కనిపించిందంటే ఇప్పుడే కారిందని అర్థం. చిన్న లీక్ అయితే హద్దు దాటకముందే యూనిట్‌ను ఆపి, ఆ గొట్టానికి రెండు చివర్లా ప్లగ్ వేసి మూసేస్తారు. వేలల్లో కొన్ని మూసినా పని నడుస్తుంది, డిజైన్‌లోనే ఆ మార్జిన్ ఉంచుతారు.

పెద్దగా చిట్లినవీ ఉన్నాయి. జపాన్‌లో మిహామా రెండో యూనిట్‌లో 1991 ఫిబ్రవరి 9న ఒక గొట్టం పూర్తిగా తెగింది. గొట్టాలు కదలకుండా పట్టుకునే కమ్మీలను కట్టేటప్పుడు డిజైన్‌లో చెప్పినంత లోపలికి దించలేదు, ఏళ్ల తరబడి సన్నగా ఊగి ఊగి తీగ వంచితే తెగినట్టు తెగింది. అత్యవసర నీరు రియాక్టర్‌లోకి పంపాల్సి వచ్చింది. అమెరికాలో శాన్ ఓనోఫ్రేలో కొత్త స్టీమ్ జనరేటర్లు పెట్టి రెండేళ్లు కూడా నిండకుండానే 2012 జనవరి 31న లీక్ బయటపడింది, విప్పి చూస్తే గొట్టానికి గొట్టం రాసుకుని అరిగిపోయాయి. అక్కడ ఉన్న రెండు యూనిట్లూ మళ్లీ నడవలేదు, 2013 జూన్‌లో పూర్తిగా మూసేశారు. అంటే సున్నం, తుప్పు మాత్రమే కాదు, ఊగడం కూడా శత్రువే.

మేము ఏం చూసేవాళ్లమో చెప్తాను. యూనిట్ ఆపాక, చల్లారాక, కింది మ్యాన్‌వే, అంటే మనిషి దూరే మూత, తెరుస్తారు. ప్లాస్టిక్ సూట్, గాలి గొట్టం, ఛాతీ మీద డోస్ బ్యాడ్జి. గొట్టాల చివర్లు బిగించిన మందపాటి పలక, ట్యూబ్ షీట్ అంటాం, దాన్ని కింద నుంచి చూస్తే తేనెపట్టులా ఉంటుంది, కన్నం పక్కన కన్నం. ఒక్కో గొట్టంలోకి పెన్ను అంత లావున్న ప్రోబ్‌ను పొడవాటి కేబుల్‌తో తోసి, వెనక్కి లాగుతూ రికార్డు చేస్తాం. ఎడ్డీ కరెంట్ పరీక్ష అంటారు. గోడ బాగుంటే తెర మీద గీత నిలకడగా ఉంటుంది, ఎక్కడైనా అరుగుదల ఉంటే ఎనిమిది అంకెలా మెలి తిరుగుతుంది. ఆ మెలి ఎంత వాలిందో చూసి గోడ ఎన్ని శాతం పోయిందో చెప్పాలి. నేను మొదటిసారి చూసిన మెలి ఒక సపోర్ట్ ప్లేట్ దగ్గరిది, మా సీనియర్ నన్ను మూడుసార్లు ఆ గొట్టాన్నే మళ్లీ లాగమన్నారు, తర్వాతే రిజిస్టర్‌లో రాయనిచ్చారు. అక్కడ ఒక్కో మనిషికి డోస్ లెక్క ఉంటుంది, ఏడాదికి 30 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) దాటకూడదు, ఐదేళ్ల సగటు 20 దాటకూడదు. లెక్క దగ్గరికొస్తే నిన్ను బయటికి పంపి ఇంకొకరిని దించుతారు, ఎంత నేర్పరివైనా సరే.

గొట్టాల లోహం గురించి కూడా చెప్పాలి. మొదట్లో కోటలో, కల్పాక్కంలో మోనెల్ వాడారు, నరోరా నుంచి ఇన్‌కొలాయ్ 800కు మారారు. ఆ గొట్టాలు మన హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌సీలో (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) తయారవుతాయి, మన వాళ్లు చాలామందికి తెలియదు.

ఇక నీళ్ల సంగతి, మిర్యాలగూడ తమ్ముడికి బాగా తెలిసిందే. గొట్టాల బయట నీటిలో ఏ మలినం వచ్చినా అది ఆవిరితో పోదు, ట్యూబ్ షీట్ మీద బురదలా కూర్చుంటుంది, ఆ బురద కింద లోహం తినేస్తుంది. అందుకే హైడ్రజీన్ వేసి ఆక్సిజన్ తీసేస్తారు, బ్లోడౌన్ నిరంతరం నడుస్తుంది. కండెన్సర్ గొట్టం ఒక్కటి కారి చెరువు నీరు కొంచెం కలిసినా మాకు గంటల్లో పరుగులే.


మిర్యాలగూడ బాయిలర్:

అన్నా, నాకు ఇప్పుడు చాలా వరకు బొమ్మ కట్టింది. చెల్లెమ్మ గట్టిగా అడగబట్టే ఇంత వచ్చింది, థ్యాంక్స్ చెల్లెమ్మా.

ఇంకో సందేహం. నా పని మొత్తం నీళ్ల మట్టం చూపించే ఒక్క గేజ్ గ్లాస్ మీద ఉంటుంది. డ్యూటీ ఎక్కగానే కాక్ తిప్పి గ్లాస్ బ్లో చేస్తాను, నీళ్లు ఎగిరి దిగి నిలబడితేనే నమ్ముతాను. డ్రయ్యర్ వాళ్లు చెప్పకుండా మెయిన్ వాల్వ్ ఒక్కసారి తెరిస్తే గ్లాస్‌లో నీళ్లు పైకి పొంగుతాయి. కొత్త కుర్రాడైతే ఎక్కువయ్యాయనుకుని ఫీడ్ పంపు ఆపేస్తాడు, రెండు నిమిషాల్లో నీళ్లు అడుక్కు పోతాయి. అంత పెద్ద డ్రమ్ములో దీన్ని ఎవరు చూస్తారు? నీళ్లు అయిపోతే ఏం చేస్తారు? నేనైతే ఊక ఆపేసి, నిప్పు బయటికి లాగేస్తాను.


పాలమూరు ఫిజిక్స్:

అన్నా, మీరు చెప్పిన పొంగును అక్కడ స్వెల్ అంటారు. ఆవిరి ఎక్కువ లాగితే ప్రెషర్ పడుతుంది, నీటిలో ఉన్న బుడగలన్నీ ఒక్కసారి ఉబ్బుతాయి, మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి నీళ్లు తగ్గుతున్నాయి. వాల్వ్ మూసేస్తే బుడగలు ముడుచుకుని మట్టం తగ్గినట్టు కనిపిస్తుంది, అది ష్రింక్. అందుకే మట్టం ఒక్కటే చూసి నీళ్లు వదలరు. ఆవిరి ఎంత పోతోంది, నీళ్లు ఎంత వస్తున్నాయి, మట్టం ఎంత ఉంది, మూడూ కలిపి లెక్క వేసి కంట్రోలర్ వాల్వ్ తిప్పుతుంది. మీరు కళ్లతో, చెవులతో చేసేది అదే.

నిప్పు బయటికి లాగడం మాత్రం అక్కడ కుదరదు. చీలిక ఆపడం సెకన్ల పని. కానీ అప్పటికే చీలిన ముక్కలు వేడి విడుస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆరు శాతం పైన, గంటకు ఒకటిన్నర శాతం దగ్గర, రోజు తర్వాత అర శాతం. అర శాతమే కదా అనుకోవద్దు, 750 మెగావాట్లలో అర శాతం అంటే మీ మిల్లు బాయిలర్ ఫుల్ లోడ్ మీద ఇచ్చే వేడి కంటే ఎక్కువ. మీరు ఊక ఆపాక కుప్పలో నిప్పు లోలోపల రాజుకుంటూ ఉంటుంది చూడండి, దాన్ని చెదరగొట్టడానికి వీల్లేదనుకోండి.


నకిరేకల్ నుంచి కైగా:

మాస్టారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నీళ్లు లేకపోతే ఏమవుతుందో 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్‌లో చూశారు. ఫీడ్ పంపులు ఆగాయి, ఎమర్జెన్సీ పంపులు వెంటనే తిరిగాయి కూడా, కానీ వాటి దారిలో వాల్వ్‌లు మూసి ఉన్నాయి, ముందు చేసిన టెస్ట్ తర్వాత తెరవలేదు. స్టీమ్ జనరేటర్లు రెండు నిమిషాల్లో ఎండిపోయాయి. ఎనిమిదో నిమిషంలో ఎవరో చూసి తెరిచారు. ఈలోగా రియాక్టర్ వైపు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు, రెండు గంటలకు పైగా అందులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి, సగం ఇంధనం కరిగింది.

ఇప్పుడు మన దేశం కథ. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా ఒకటో యూనిట్, 1993 మార్చి 31, తెల్లవారకముందు మూడున్నర. టర్బైన్ చివరి వరస రెక్కలు రెండు అలసి విరిగాయి. అంత వేగంతో తిరిగే యంత్రం బరువు తప్పి ఊగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ లీకై అంటుకుంది. ఆపరేటర్లు నిమిషం తిరక్కుండా రియాక్టర్ ఆపేశారు. కానీ మంట కేబుళ్లను పట్టుకుంది, కరెంటు మొత్తం పోయింది, డీజిల్ జనరేటర్లు, బ్యాటరీల కరెంటు కూడా చేరలేదు. కంట్రోల్ రూమ్ నిండా పొగ, వాళ్లు బయటికి రావాల్సి వచ్చింది. పదిహేడు గంటలు ఆ యూనిట్‌కు కరెంటు లేదు.

అప్పుడు కాపాడింది స్టీమ్ జనరేటరే. అవి రియాక్టర్ కంటే ఎత్తులో ఉంటాయి. పంపులు ఆగినా వేడెక్కిన భారజలం తేలికై పైకి ఎక్కుతుంది, గొట్టాల్లో చల్లారి బరువెక్కి కిందికి దిగుతుంది, ఎవరూ తోయకుండానే తిరుగుతూ ఉంటుంది. థర్మోసైఫనింగ్ అంటాం. షరతు ఒక్కటే, గొట్టాల బయట నీళ్లుండాలి. ఆ రాత్రి అక్కడి మనుషులు టార్చిలైట్లతో వెళ్లి, డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులు స్టార్ట్ చేసి, ఆ నీటినే స్టీమ్ జనరేటర్లలోకి ఎక్కించారు. ఆవిరిని బయటికి వదిలారు. గంట గడిచాక కావాల్సిన నీరు ఎంతో లెక్క వేసుకో, గంటకు పదిహేను టన్నుల దరిదాపు, నీలాంటి బాయిలర్లు దాదాపు నాలుగింటికి పట్టేంత. ఇంధనానికి ఏమీ కాలేదు, రేడియేషన్ బయటికి రాలేదు.

సాఫ్ట్‌నర్ లేని నీళ్లు తమ్ముడూ, నువ్వైతే బాయిలర్‌లో పోయనివ్వని నీళ్లు. ఆ రాత్రి ఎవరూ గొట్టాల గురించి ఆలోచించలేదు, ఆలోచించకూడదు కూడా. వాళ్లలో ఎక్కువమంది మీ అల్లుడిలాగే ట్రైనీలుగా చేరి పైకొచ్చినవాళ్లు. నేను ఆ మాట తలచుకున్నప్పుడల్లా గర్వపడతాను.


పెద్దగట్టు దగ్గర:

సార్, తవ్వకాల విషయంలో నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా, మా నీళ్లు, మా కృష్ణ మాకు ముఖ్యం. కానీ లీకులు, మూసేసిన ప్లాంట్లు అన్నీ దాచకుండా చెప్పారు, దానికి కృతజ్ఞతలు. నరోరా గురించి ఇంత వివరంగా నేను ఎప్పుడూ చదవలేదు.


మిర్యాలగూడ బాయిలర్:

నిన్న హాలియా వెళ్లి అక్కకు, బావకు చెప్పాను. ఒక గిన్నెలో నీళ్లు పోసి, అందులో చిన్న స్టీలు డబ్బాతో సలసల మరిగే నీళ్లు పెట్టి చూపించాను, గిన్నె నీళ్లు వేడెక్కాయి, రెండూ కలవలేదు. అక్క వేలు పెట్టి చూసింది. నరోరా సంగతి కూడా చెప్పాను, దాచలేదు. అల్లుడు ఫోన్‌లో ఇదంతా రికార్డు చేసుకున్నాడు.

అక్క ఒకే ఒక ప్రశ్న అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. పొయ్యి లేదు, పొగ లేదు అంటున్నావు, మరి ఫోటోలో ఆ పొడవాటి చిమ్నీ దేనికి? ఇంకా అప్పుడప్పుడు పెద్ద శబ్దంతో ఆవిరి వదులుతారట, అది ఏ నీరు?


నకిరేకల్ నుంచి కైగా:

మంచి ప్రశ్న అడిగింది అక్క. చిమ్నీ పొగకు కాదు, లోపలి గదుల గాలికి. రియాక్టర్ బిల్డింగ్‌లో గాలిని బయటికి లాగి, ఫిల్టర్లలో వడకట్టి, ఎంత రేడియేషన్ ఉందో నిరంతరం కొలుస్తూ పైనుంచి వదులుతారు. అందులో కొంచెం ట్రిటియం లాంటివి ఉంటాయి, సున్నా కాదు, దానికి హద్దు ఉంది. ప్రతి ప్లాంట్ దగ్గరా పర్యావరణ ల్యాబ్ ఒకటి ఉంటుంది, ప్లాంట్ మొదలవకముందే పెడతారు, చుట్టుపక్కల ఊళ్ల పాలు, చేపలు, బియ్యం, నీళ్లు తెచ్చి పరీక్షిస్తూ ఉంటారు.

పెద్ద శబ్దం రెండో నీటి ఆవిరిది. టర్బైన్ ఒక్కసారిగా ఆగితే ఆ ఆవిరికి పోయే దారి ఉండదు, నీ సేఫ్టీ వాల్వ్ లేచినట్టే అక్కడ వాల్వ్‌లు తెరుచుకుంటాయి, కాలనీ దాకా వినిపిస్తుంది. అల్లుడు చేరిన మొదటి వారంలో రాత్రిపూట అది వింటే ఫోన్ చేస్తాడు చూడు, భయపడొద్దని అక్కకు ముందే చెప్పి ఉంచు. ఇంకా కైగాలో వానలు మన నల్గొండ వానల్లాంటివి కావు, పడమటి కనుమలు అవి, జూన్ నుంచి బట్టలు ఆరవు. మంచి రెయిన్‌కోటు, రెండు జతల బూట్లు ఎక్కువ పంపమని చెప్పు.